గాలి పోయే తొవ్వ

బల్లార్షాల మే నెలంటే
నీడకు సుత జ్వరమొస్తది.
నలభై ఏడు దాటిందని పేపర్ల రాసిన రోజే
గౌర్కార్ పోరని కారు నా షెడ్డుకొచ్చింది,
నలుగురు తోసుకుంట.

నీలం రంగు. నేలకు జానెడెత్తు.
రాజురా వంతెన మీద బొగ్గు లారీల వెనుక
నిలబడి నిలబడి
సూది ఎరుపులకు పోయి అక్కడే కూసున్నదట.
బోనెట్ లేపితే
పెండ్లి పొయ్యి ముందర వంగినట్టు మొఖం కాలింది.

నత్తగుల్లంత టర్బో.
ఇంజను విడిచిన ఎంగిలి ఊపిరితో తిరుగుకుంట
దానికే కొత్త ఊపిరి కుక్కి పోస్తది.
బలం రెండింతలు. సెగ రెండింతలు.
సెగ బయటపడ సందు మాత్రం
కంపెనీవాడు పెట్టలే.
వాని ఊర్ల మంచు కురుస్తదేమో.

"భావూ, బోనెట్‌కు బొక్కలు కొట్టు" అన్నడు పోరడు.
ఫోన్ల బొమ్మ చూపిండు:
అద్దం మొదట్ల రెండు పెద్ద నోర్లు.
నేను సుద్దముక్క తీసి గీసేటోన్నే.
టీ గిలాస పక్కకు పెట్టి
ఓదెలు మామ దగ్గిండు.

ముప్పై రెండేండ్లు గాలి బాయి కాడ
ఫ్యాను నడిపినోడు మామ.
కింద బొగ్గు కొట్టేటోళ్ళ ఊపిరంత
ఆయన చెవుల గుయ్యిమంటుండేది,
నిద్రల సుత.
ఒక్కపారి ఆ ఫ్యాను ఆగింది.
ఎంతసేపో ఎవ్వలకు చెప్పడు.

"వచ్చే తొవ్వ ఎవడన్న తీస్తడు బిడ్డా,
పోయే తొవ్వేది?
అద్దం కాడ గాలి గుద్దుకొని కుప్పవడ్తది.
ఆడ తెరిస్తే బయటి గాలే లోపలికి దూరుతది."

పోరడు నమ్మలే.
ఎర్ర ఉన్ని దారం తెచ్చి
వేలెడు వేలెడు తెంపి, టేపేసి
బోనెట్ నిండ అంటించినం.
కారుకు అమ్మవారు పోసినట్టయింది.

తెల్లారగట్ల, కాగితం మిల్లు గోడ పొంటి
ఎనభై మీద పోనిచ్చినం.
ముందు సీట్ల ఓదెలు మామ,
మోకాళ్ళు గదుమకు తాకంగ,
రెప్పెయ్యకుంట.

అద్దం కాడి దారాలు
దారి తప్పిన కోడిపిల్లల్లెక్క గిరగిర తిరిగి
ఎనుకకు, మా దిక్కు కాదు, ముక్కు దిక్కు పండినయ్.
రేడియేటర్ దాటి బెత్తెడు దూరంల
ఒక్క వరుస లేచింది,
కింద ఎవరో పిలిచినట్టు కాదు,
పైనుంచి ఎవరో గుంజినట్టు.
"గిదే" అన్నడు మామ. "గిదే మన గాలి బాయి."

ఇగ కోసుడు.
రేకు కింద ఎముకలుంటయ్, వాటిని ముట్టద్దు.
ఎనిమిది చీలికలు, అంచు మడిచి,
నోరు ఎనుకకు తిప్పి.
వానొస్తే టర్బో మీద చుక్క పడకుంట
నూనె డబ్బా రేకు కోసి కింద దోనె కట్టిన.
రెండు రోజుల పని, వేలికి మూడు కుట్లు.
"కాకి గీరినట్టున్నది" అన్నడు పోరడు,
బొమ్మల నోర్లు మనసుల పెట్టుకొని.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం
మల్ల అదే వంతెన, మల్ల అవే లారీలు.
కింద వార్ధా నది ఎండి
ఇసుక మీద పుచ్చకాయ తీగెలు.
గాలి లేదు. ఆకు కదలది.
పోరడు సూదిని చూస్తున్నడు.
నేను చీలికల్ని చూస్తున్న.
వాటి మీద ముందటి లారీ, దాని నంబరు, దాని వెనుక ఆకాశం
నీళ్ళల్ల పడ్డట్టు వణుకుతున్నయ్.
సెగ తనంతట తనే లేచి పోతున్నది.
సూది నడుమల్నే ఉన్నది.

ఓదెలు మామ మాత్రం
చేతి గడియారం చూస్తున్నడు.
లారీ కదిలింది.
మేం కదలలే.
ఎనుక హారన్లు.

"పదకొండు నిమిషాలు" అన్నడు,
మాతోటి కాదు.
అద్దం దించిండు.