నిన్న ఏం తిన్నారు?

ఆ ఊరి పేరు కూడుగు.
మన చెవికి అందులో కూడు వినబడుతుంది,
వాళ్ళ భాషలో అదేమిటో నాకు తెలియదు.
బుర్కినా ఫాసో ఎర్రదుమ్ములో, మోపెడ్ మీద
రస్మాటా వస్తుంది. సంచిలో ఒక త్రాసు,
కొలత గరిటెలు, తడిగుడ్డలో చుట్టిన
బంకమట్టి సంకటి ముద్దలు: చిన్నది, నడిమిది, పెద్దది.

"నిన్న లేచింది మొదలు పడుకునేదాకా
ఏం తిన్నారు? ఈ ముద్దల్లో ఏ ముద్దంత?"

జొన్న సంకటి. బెండకాయ జిగురు పులుసు.
పులుసులో బంగారు కాగితం విప్పి వేసిన రసం బిళ్ళ,
చింతగింజ కంటే కాస్త పెద్దది.
ఎన్ని? ఒకటి.
ఎంతమందికి? తొమ్మిదిమందికి.
గడప గడపకూ అదే జవాబు.

తలాటో మాత్రం "మాంసం" అంది
వాకిలి వైపు చూస్తూ.
వాకిట్లో అత్త, ఇద్దరు తోటికోడళ్ళు.
కుండలో మాంసం వాసన లేదు.
మునిమాపు వేళ ఆమె చిన్నది సిబ్దు
రోజూ దాటే గడపకే తట్టుకుని పడింది.
రేచీకటి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.
"మాంసం, ముప్పై గ్రాములు" అని రాసుకుంది రస్మాటా.
ఆకలికీ పరువుంటుంది కదా.

వాగడుగులో బిబాటా లెక్క కడుతోంది.
కరెంటు మూడుసార్లు పోయింది.
ప్రతి బిళ్ళలో చీమతలంత విటమిన్ ఎ కలిపితే,
ఫ్యాక్టరీకి ఎంత, బిళ్ళకు ఎంత,
పదేళ్ళలో ఎన్ని జతల కళ్ళు?
వేల ఇళ్ళు కరిగి ఒక్క గీత అయ్యాయి.

"అందులో ఒక అబద్ధం ఉంది," అంది రస్మాటా.
"ఒక్కటేనా? గీతకు ఇటూ అటూ
బూడిదరంగు పట్టీ చూడు.
నీ తలాటో అక్కడుంది."

మంత్రిత్వ శాఖ గదిలో ఏసీ చలి.
"ఆ బూడిదరంగు ఎందుకంత వెడల్పు?
మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా?"
ఉపకార్యదర్శి కళ్ళజోడు తుడుచుకున్నాడు.
బిబాటా ఇంకా పేజీలు తిప్పుతోంది,
ఎవరూ మాట్లాడమనని రస్మాటా
తడిగుడ్డ విప్పి, చిన్న ముద్ద బల్ల మీద పెట్టింది.

"అయ్యా, నిన్న మీరేం తిన్నారు?"

ఆయన తలుపు వైపు చూశాడు.

ఫైలు వచ్చే నెలకు వాయిదా పడింది.
తిరిగి ఇస్తున్నప్పుడు
ముద్ద మీద ఆయన బొటనవేలు దిగబడింది.
రస్మాటా దాన్ని చదును చేయలేదు.
ఆ నొక్కుతో చిన్న ముద్ద
ఇంకాస్త చిన్నదైనట్టుంది.