మల్లెల దారం

కోట పేరు మాకు పలకడం రాదు.
రాసిన అక్షరాల్లో సగం మింగేయాలట.
"మనం రాసిన ప్రతి అక్షరానికీ కూడు పెడతాం,
వాళ్ళెందుకో పిసినారులు" అంది కోమలవల్లి,
పటం మీద గోరంత చోటు చూపిస్తూ.
అందుకని దానికి గోరుకోట అని పేరు పెట్టాం.

సైదాపేటలో మూడో అంతస్తు,
భోజనాల బల్ల మీద పరిచిన ఫ్రాన్సు.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
ఉప్పు జాడీ, ఆమె కళ్ళజోడు పెట్టె,
నా బీపీ మాత్రల డబ్బా, సగం కోసిన సొరకాయ.
ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
పక్కపక్క కుర్చీల్లో కూర్చుని
ఊళ్ళకి ఊళ్ళని కలిపినవాళ్ళం.
పారిస్ అడిగినవాళ్ళకి పారిస్ ఇచ్చాం.
మేం చూసింది మాత్రం పారీస్ కార్నరే.

టూరు వాళ్ళు వదిలిన ఖాళీ రోజు ఒక్కటే, గురువారం.
బస్సు బస్సంతా సెంట్లు కొనడానికి పోతుంది.
మేం నది ఒడ్డున నడుస్తాం,
పొద్దున రైలు దిగే ఊరి నుంచి, కోట పక్కగా,
సాయంత్రం రైలెక్కే ఊరి దాకా.

ఎంత దూరం?
స్కేలు వంకర తిరగదు, నది తిరుగుతుంది.
కోమల జడలోంచి మల్లెల దారం లాగి
ఒక్కో వంపునీ వేలితో అదుముతూ పరిచింది.
లెక్కగడితే పదకొండు కిలోమీటర్లు.
గోరుకోట మీద ఒక మొగ్గ మిగిలిపోయింది.
తియ్యలేదు.

నేను రాశాను: ఏడూ యాభై రెండు రైలు.
అయిదూ నలభైకి ఆఖరి రైలు.
మధ్యలో బాత్రూం ఎక్కడ? (కింద మూడు గీతలు)
ఆమె రాసింది: అటుకులు. గొడుగు. తొందరపడకూడదు.

"లోపలికి టిక్కెట్టుందట, కొందామా?"
"వద్దే. లోపలికెళితే రాజుగారి మంచం చూపిస్తారు.
పక్కనుంచి పోతే
కోటే మనల్ని చూస్తుంది."

ముందు ఇక్కడ నడిచి చూద్దామని ఆమే అంది.
అంతే దూరం, అడయారు వెంట.
ఆదివారం తెల్లారకుండా నందంబాక్కంలో మొదలుపెట్టాం,
పాండీబజారులో కొన్న బూట్లు కిర్రుమంటుంటే.
ఒడ్డుంది. దారి లేదు.
గోడ, గోడ చివర గేటు, గేటు ముందు కుర్చీలో వాచ్‌మన్.
"ఎంగె పోరీంగ?"
నది దగ్గరికి అంటే నవ్వాడు.
మళ్ళీ రోడ్డెక్కాం, మళ్ళీ దిగాం, మళ్ళీ గోడ.
చివరికి వంతెన మీదికెళ్ళినప్పుడల్లా
ఒక్కో ముక్క నది దొరికింది.
సైదాపేట ముక్కలో గుర్రపుడెక్క,
కోట్టూరుపురం ముక్కలో బురద మీద కొంగలు,
తిరువికా వంతెన దగ్గర గాలి ఉప్పగా మారింది.

దారిలో ఒక కాంపౌండు గోడ మీద
నీలం రంగు గీత, పక్కన 2015.
నా భుజం కంటే ఎత్తు.
కోమల ఆగి, చెయ్యెత్తి దాన్ని ముట్టుకుంది.
ఆ డిసెంబరులో జాఫర్‌ఖాన్‌పేటలో
ఆమె బీరువా తేలిపోయింది,
పట్టుచీరలు, సర్వీసు కాగితాలు, పెళ్ళి ఆల్బం.
ఆ సంగతి ఎత్తలేదు. కాసేపు నడిచాక అడిగింది:
"ఆ కోట గోడకీ ఇలాంటి గీతలుంటాయా?"
"ఉండొచ్చు. నది కదా."
"అయితే అక్కడ కూర్చుందాం. రాసుకో."
రాసుకున్నాను, అటుకుల కింద.

విరిగిన వంతెన చేరేసరికి పదకొండున్నర.
బూటు విప్పితే మడమ మీద బొబ్బ, రూపాయంత.
ఒక కుర్రాడు వల విసురుతున్నాడు,
వలలో సంచులే పడుతున్నాయి, మళ్ళీ విసురుతున్నాడు.
కోమల వాచీ చూసుకుంది.
"మన రైలుకి ఇంకా ఆరుగంటలుంది" అని
అటుకుల డబ్బా మూత తీసింది.

వీసా ఇంకా రాలేదు.
పటం దారంతోనే మడిచి నా బీరువాలో పెట్టాం.
మొన్న తీసి చూస్తే
మొగ్గ టీ రంగులోకి ఎండిపోయింది.
కోట ఉన్నచోట
కాగితం కొంచెం ఉబ్బింది.