కడగరాని రాయి

జనవరి మొదటి వారం. మధ్యాహ్నం పన్నెండు దాటినా సూర్యుడు లేడు.
లోవొజెరో కొండల మీద మంచు నీలంగా ఉంది.
డ్రిల్లరు సవేలీ వచ్చి
కోటు లోపలి జేబులోంచి చేపల డబ్బా తీశాడు.
మూత మీద హెరింగ్ చేప బొమ్మ. లోపల దూది. దూదిలో రాయి.
"మూడొందల మీటర్ల కింద దొరికింది.
పేరు చెప్పండి చాలు, మా ఆవిడకి చెప్పుకుంటాను.
మళ్ళీ రాయి మోసుకొచ్చావా అని ఎలాగూ తిడుతుంది."

కపితోలినా యెగోరొవ్నా తొందరపడి పేరు పెట్టే మనిషి కాదు.
కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించి
భూతద్దాన్ని కనురెప్పకు ఆనించి
రాయిని దాని దగ్గరికి తెచ్చుకుంది.
రాయి కంటి దగ్గరికి రావాలి గానీ
కన్ను రాయి వెంట పడకూడదు,
నాకామె నేర్పిన మొదటి పాఠం అదే.
ఆమె చెబుతుంది. నేను రాస్తాను.

"ఊదారంగు ఉస్సింగైట్. దాని ఒడిలో
గోధుమగింజంతేసి ఎర్రటి పలుకులు, పదకొండు.
ఆగు, ఎరుపని రాయకు. ఏం ఎరుపు?
టమాటాదా, తలుపులో నలిగిన గోరుదా?"
ఆలోచించాను.
మంచు పడ్డాక కోసిన లింగన్‌బెర్రీది, అన్నాను.
"ఊఁ. అదే రాయి.
మెరుపు గాజుది. చీలిక మూడు దిక్కులా,
వడ్రంగి మూలమట్టం పెట్టినట్టు.
గోటితో గట్టిగా గీస్తే గీత పడుతోంది.
ఎవరికి చూపించినా ఎవ్డియాలైట్ అంటారు,
సామీల నెత్తురు గడ్డకట్టిందని కథ కూడా చెబుతారు.
కథ బాగుంటుంది.
కానీ ఆ నెత్తురు ఇంత మెత్తన కాదు."

అంతలో ఫోన్ మోగింది. ఆమె వరండాలోకి వెళ్ళింది.

రాయికి డ్రిల్లు బురద అంటుకుని ఉంది.
ఏదైనా కడిగి పెట్టాలని మా అమ్మ అలవాటు చేసింది.
టీకి కాచిన నీళ్ళు గోరువెచ్చగా మిగిలాయి.
గిన్నెలో నానబెట్టి చీటీలు రాస్తూ కూర్చున్నాను.
పదిహేడు చీటీలు, పెన్సిల్ రెండుసార్లు చెక్కాను.

తిరిగి చూస్తే ఊదా రాయి ఉంది.
పదకొండు గుంటలు ఉన్నాయి.
నీళ్ళు తేటగా ఉన్నాయి.
నెత్తురైతే కనీసం నీళ్ళైనా ఎర్రబడేవి.

ఏడుపు మింగి నిలబడ్డాను.
ఆమె గిన్నె వైపు చూసింది, గుంటల వైపు చూసింది,
"పారబొయ్యకు" అంది, అంతే.
గాజు పలక మీద ఒక్క చుక్క వేసి
రేడియేటర్ మీద ఆరనిచ్చి
మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను రమ్మంది.
రంగే లేని బుల్లి బుల్లి ఘనాలు,
పాచికల్లా, ఎవరో ఇప్పుడే విసిరి ఆపినట్టు.

"విల్యోమైట్. ఇదీ ఒక ఉప్పే. నీళ్ళు చూస్తే ఆగదు.
నాకు అనుమానం ఉంది గానీ
కరిగించి చూసే ధైర్యం లేకపోయింది.
నీకు ఉంది." నవ్విందో లేదో తెలీలేదు.

సాయంత్రం రిజిస్టరులో ఆమె చెప్పినట్టే రాశాను:
విల్యోమైట్ పలుకులు, పదకొండు, ఉండినవి.
గుంటల కొలతలు ఒక్కొక్కటీ రాశాను.
అంచులు ఇంకా లంబంగానే ఉన్నాయి.
అంత జాగ్రత్తగా నేను
ఉన్న వస్తువునెప్పుడూ వర్ణించలేదు.

శుక్రవారం సవేలీ వచ్చాడు.
తప్పు నాదేనని చెప్పాను.
గుంటల్లో చిటికెనవేలు పెట్టి చూశాడు.
ఇంకో ముక్క తేగలవా అని ఆమె అడిగింది.
"ఆ సొరంగం మంగళవారం మూసేశారు.
నీళ్ళొచ్చాయి."

కాసేపు ముగ్గురం రేడియేటర్ చప్పుడు విన్నాం.

తర్వాత అతను పేరు ఇంకోసారి పలికించుకుని,
చీటీ మీద రాయించుకుని,
సొరుగులో దాచడానికి మేకులు కావాలేమో, డబ్బా పట్టుకుపోయాడు.
దూది మాత్రం బల్ల మీద వదిలేశాడు.

చెత్తబుట్టలో వేద్దామని తీస్తే
మడతలో ఏదో గరుకుగా తగిలింది.
విప్పలేదు.
నా అరచేతులు చెమట పట్టి ఉన్నాయి.