మూడు కాళ్ళ కుందేలు

జుమ్మేరాత్ బజార్, పొద్దున ఆరున్నర.
తుప్పు తాళాల గుట్టకీ ఒంటి చెప్పుల వరసకీ మధ్య
తడి గోనెపట్టా మీద ఆ పళ్ళెం.

నీలం, తెలుపు. అంతే.
మా అమ్మ గుడ్డలో మూటకట్టి
బకెట్లో జాడించే నీలిమందు
ఇంకా ఆరనట్టుంది.
అంచంతా అలలు,
అలల మీద పరిగెత్తుతూ ఒక కుందేలు.

"జపాన్ మాల్ అమ్మా" అన్నాడు ఖుద్దూస్ మియా.
"నూటయాభై ఏళ్ళది. సీదా ఓడలో వచ్చింది."
హైదరాబాదుకి ఓడెక్కడిదని నేనడగలేదు.

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు
రాళ్ళకి ముద్రలు కొట్టినదాన్ని,
గోటితో అంచు మీద మీటి చూశాను.
పగులున్న పింగాణీ టప్‌మంటుంది,
తక్కువ తూచి దొరికిపోయిన కొట్టువాడిలా.
ఇది ఖంగుమంది.
పావురాలమ్మేవాడు తల తిప్పేదాకా
ఆ చప్పుడు గాల్లోనే నిలబడింది.

వెనక్కి తిప్పితే అడుగున మూడు మచ్చలు:
బట్టీలో కాలేటప్పుడు కుంగకుండా
మట్టి మేకులు మోసిన చోట్లు.

ఒకటే లోపం.
అంచున చింతగింజంత పెచ్చు ఊడింది.
దాంతోపాటే పోయింది కుందేలు వెనక కాలు.

"ఎనిమిది వందలు."
"మూడు కాళ్ళకా?"
"కాళ్ళు లెక్కపెట్టుకుని ఎవరు తింటారమ్మా!"
తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళని
అతనొక పక్క, నేనొక పక్క,
నడుమ నిజంగానే మూడు కాళ్ళతో అది.
ఆరొందలకి తెగింది.

కాచిగూడలో మా ఇంట్లో
అద్దాల బీరువాలో పెట్టలేదు దాన్ని.
పెరుగన్నం తిన్నాను.
పెచ్చూడిన చోటే మాగాయ టెంక ఆనించాను.
తినేకొద్దీ మెతుకుల కిందనించి
ముందు చెవులు, తర్వాత వీపు,
ఆఖర్న సముద్రం.

నెలన్నరకి ఖుద్దూస్ మియా ఒకామెని పంపాడు.
యాకుత్‌పురా నుంచి. పేరు సర్వత్ ఆరా.
డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు,
మా రెండంతస్తులూ ఎక్కింది.
"ఆరు పళ్ళేలుండేవి. ఆరుగురు అన్నదమ్ములు పంచుకున్నారు.
ఒక్కోటీ ఒక్కో కష్టానికి బజారెక్కింది.
చూసిపోతాను, అంతే."

చాయ్ చల్లారుతోంది.
బటువా తాడు వదులు చేసి, వక్కలు ఏరి పక్కన పెట్టి
అడుగునించి తీసింది,
చింతగింజంత నీలిపాదం.

"పదేళ్ళప్పుడు పగలగొట్టింది నేనే.
పిల్లి మీదికి తోశాను.
నాన్న దాన్ని సంచిలో వేసి
మూసీ అవతల వదిలేసి వచ్చాడు."
మూసీ అవతలంటే ఇటే. మా వైపే.

పెచ్చుని అంచుకి ఆనించింది.
అల అలని అందుకుంది.
వెంట్రుక తేడా లేదు. నేను తూచగలను, లేదు.
జిగురుంది, అతికిద్దామన్నాను.
పోనీ పళ్ళెం మీరే తీసుకెళ్ళండన్నాను.
"పళ్ళెం తినే ఇంట్లో ఉండాలమ్మా.
కాలు మాత్రం నాది."
మళ్ళీ బటువాలో వేసి, పైన వక్కలు పోసి
తాడు బిగించింది.
చల్లారిన చాయ్ మొత్తం తాగింది.

ఆమె ఆటో చాదర్‌ఘాట్ వంతెన దాటి ఉంటుంది.

ఆ రోజు నుంచి పళ్ళెంలో రెండు ముద్దలు మిగిల్చి
మెట్ల మీద పెడుతున్నాను.
మా గల్లీ నిండా పిల్లులే.
ఏది ఎవరి ముత్తవ్వకి పుట్టిందో
ఎవరికి తెలుసు.