ముందున్న వీపు

మొదటి రోజే తెడ్డు కడుపులో పొడిచింది.
"పీత పట్టావ్!" అంది ఇష్‌బెల్ చుక్కాని దగ్గర్నుంచి,
ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన గొంతుతో.
తెడ్డు నీళ్లలో ఇరుక్కుంటే ఇక్కడ అలాగే అంటారట.
ఆ శనివారం ఏడు పట్టాను.
కూరకి ఒక్కటీ రాలేదు.

ఎటు పోతున్నామో ఆమెకే కనబడుతుంది.
మాకు, వెనక్కి జారిపోయే అల్లాపూల్ రేవు.
నాకైతే అదీ లేదు, ఫర్కర్ వీపు అడ్డం:
బూడిదరంగు స్వెట్టరు, కుడి రెక్క కింద
ఎర్ర ఊలు మాసిక.
అది వంగితే వంగాను,
వాలితే వాలాను,
అరచేతుల్లో బొబ్బలు చితికేదాకా.

నవంబర్లో రొట్టెల కొట్టు దగ్గర
ఎవరో పలకరించారు.
చలి గురించి ఏదో గొణిగి తప్పుకున్నాను.
ఆయన వెళ్లబోతూ అటు తిరిగితే
ఎర్ర మాసిక!
"ఫర్కర్!" వీధంతా వినబడేలా అరిచాను.

ఇటు తిరిగాడు.
మళ్లీ ఎవరో.