తాలు

పొద్దున ఏడింటికి మిర్చి యార్డులో నా పని ఎరుపు.
గుప్పెడు తేజ కాయలు తెల్ల అట్ట మీద పోసి
పక్కన లాట్ నంబరు చీటీ పెట్టి
డిజిటల్ కెమెరాతో టకటకా నలభై కొడతాను.
పది నిమిషాల్లో ఇండోర్‌లో ఒకరు, పెనాంగ్‌లో ఒకరు
ఆ ఎరుపుని ఫోన్ మీద వేళ్ళతో సాగదీసి చూస్తారు.
"కాస్త రంగు పెంచు బాబూ" అంటారు కమీషన్ కొట్టు పేరయ్య గారు,
"తాలుకాయ కనపడనీకు."
పెంచుతాను. గీత మీద చుక్కని కుడికి జరిపితే చాలు.
పదకొండేళ్ళు ఆ చుక్కని జరుపుతూ
ఏ ఎరుపు కాయదో, ఏ ఎరుపు నాదో
మర్చిపోయాను.

బ్రాడీపేటలో స్టూడియో మూసేస్తూ దేవసహాయం గారు
అమ్ముడుపోని ఫ్రేముల వెనక నుంచి
ఒక నల్ల కెమెరా తీసి ఇచ్చారు.
తూకం రాయంత బరువు, బెల్టు నిండా బూజు.
డబ్బులు తీసుకోలేదు.
"ముప్పై ఆరే. లెక్క పెట్టుకో" అన్నారు.

మొదటి రీలు పళ్ళకి పట్టలేదు.
నొక్కాను, తిప్పాను, నొక్కాను, తిప్పాను,
లోపల ఫిలిం కదలనే లేదు.
కడిగి చూస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి గాజు.
దేవసహాయం గారు నవ్వి
అందరిదీ అదే మొదటి ఫోటో అన్నారు.

మే నెల గుంటూరులో కొళాయి నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు.
డెవలపరుకేమో ఇరవై డిగ్రీలు కావాలి.
అందుకని నా సీసా కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది,
నాలుగో అంతస్తు, గోతాల సందున.
బండి మీద ఇంటికి చేరేసరికి లెక్క సరిపోతుంది.
వాచ్‌మన్ జానీబాషా దాన్ని మందనుకుంటాడు.
"ఎవరికి బాగాలేదు సార్?" అని ప్రతిసారీ అడుగుతాడు.
నాకే అంటాను.

డిజిటల్‌ని వదిలేశానని కాదు,
వదిలేస్తే ఇంటద్దె ఎవరు కడతారు.
పైగా వెలుతురు అంతు చిక్కనప్పుడు
ముందు దాన్నే అడుగుతాను,
అది చెప్పిన లెక్క దీనికి పెడతాను.
ఒకటి ఇంకోదాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టు.
ఏది పెద్దదో, ఏది పిల్లో
ఇప్పటికీ తేల్చుకోలేను.

నాంచారమ్మ తొడిమలు తీస్తోంది,
ముక్కుకి చెంగు బిగించుకుని, మోచేతుల దాకా మిరపలో.
పాత కెమెరా ఎత్తాను. ఒక్కసారే. టక్.
"ఏదీ, చూపించు."
వెనక్కి తిప్పి చూపించాను. నల్ల రేకు, అంతే.
"ఇదేందయ్యా! తీసినట్టా, తీయనట్టా?"
నాకూ తెలీదు.
పందొమ్మిది రోజులు తెలీదు.
రీలు జేబులో వేసుకుని తిన్నాను, తిరిగాను,
తడిమి చూసుకుని పడుకున్నాను.

బాత్రూం కిటికీకి దుప్పటి కొట్టి
ఎర్ర బల్బు వేశాను.
పొద్దంతా అమ్మిన రంగు
రాత్రికి నాకు దీపమై కూర్చుంది.
వేళ్ళకింకా యార్డు ఘాటు; మర్చిపోయి కన్ను నులుముకుని
ఏడుస్తూనే చూశాను, ట్రేలో కాగితం తేరుకోవడం:
ముందు గోతాల నీడ,
తర్వాత రెండు కనుబొమ్మలు,
తర్వాత కుప్ప.

ఎరుపు లేదు.
తేజా లేదు, సన్నమూ లేదు, లాట్ నంబరూ లేదు.
కృష్ణ ఇసకలాంటి బూడిద రంగు,
అందులో అక్కడక్కడ తెల్లగా మెరుస్తూ ఏవో.
ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూశాను.
తాలుకాయలు.
ఇన్నేళ్ళూ నేను దాచినవి.
ఉన్న వెలుతురంతా వాటి మీదే ఉంది.

కాగితం ఇస్తే నాంచారమ్మ
మొహం వదిలేసి చేతులు చూసుకుంది, చాలాసేపు.
"వీటిని మిరపకాయలంటే ఎవురు నమ్ముతారు, చింతకాయలంటారు" అంది.
కాసేపాగి, "మంట మాత్రం వచ్చింది" అంది.
మళ్ళీ తనే, "రంగుది కూడా ఒకటి కొట్టు,
మనవరాలికి ఫోన్లో పంపాలి.
చీర చిలకాకుపచ్చని దానికి తెలియొద్దూ?"
కొట్టాను. వెంటనే చూపించాను.
చీర చిలకాకుపచ్చగానే ఉంది. ఆమె నవ్వింది.

పేరయ్య గారి ఫోను. కొత్త లాటు, తొందర.
అట్ట పరిచాను, కాయలు పోశాను, నలభై కొట్టాను.
గీత మీద వేలు పెట్టాను.
జరిపాను.
ఎప్పుడూ జరిపేంత కాదు.