సున్నా

తాడిపత్రి వేబ్రిడ్జి గదిలో
పాత కంప్యూటర్ మూత తీస్తే
దోసెడు నాపరాతి పొడి.
ఫ్యాన్ రెక్కలు బండలైనాయి.

కొత్తది నేనే బిగించినా.
ప్రాసెసర్ మీద పేస్టు, అలసంద గింజంత.
విండోస్ మూడుసార్లు ఎక్కించినా,
మూడుసార్లూ నీలం తెర కప్పుకోని పడుకున్యాది.

"ముహూర్తం బాగలేదేమో సామీ"
అన్నాడు కాటా గుమాస్తా ఓబులేసు.
ముహూర్తం కాదప్పా,
మెమరీ.

రాత్రంతా పరీక్షకు పెట్టినా.
గడిగడికీ ఒక అంకె రాస్తాది,
వెనక్కొచ్చి, రాసిందే ఉండాదా అని చూస్తాది.
నలభై శాతం కాడ ఎర్రగీత.
రెండు కడ్డీల్లో అబద్ధం దేనిదో
విడివిడిగా కూచోబెట్టి అడిగితే గాని తేలదు,
అన్నదమ్ముల పంచాయితీ మాదిరి.

ఓబులేసు కూతురి జామెట్రీ బాక్సులో రబ్బరుతో
దాని బంగారు పళ్లు తోమి
మళ్లా పెట్టినా.

బయట బండల లారీ.
టైరుకానుకోని డ్రైవర్ మహబూబ్ పీరా,
"ఇంగెంతసేపు?"
ఇంగా అరవై శాతం.

తెల్లార్జామున నాలుక్కి:
తప్పులు సున్నా.

మా తట్టు ఆ మాట
ఎనిమిదొందల అడుగులు దిగినాక
బోరు రిగ్గోడు చెప్తాడు.
వాని మొగం ఎవరూ చూడరు.
ఈ సున్నాకు మాత్రం
ఓబులేసు టీ తెచ్చినాడు.

నాలుగోసారి విండోస్ ఎక్కె.
కాటా తీగ తగిలించినా.
లారీ ఇంగా ఎక్కలేదు, ప్లాట్‌ఫారం ఖాళీ.
తెర మీద ఇరవై కిలోలు.

మళ్లా ఏం పోయిందో అని
టార్చి తీసుకోని బయటికి పోతే
కాటా నడిమధ్య
ముడుచుకోని నిద్రపోతాండాది
వీధికుక్క.

లేపలేదు.
మొదటి చీటీ దాని పేరనే తీసినా.